ఆకుపచ్చ కుట్టు

మూడో దినం కూడ అది కాంటా కిందనే పన్నది.
ఎనుమాముల యార్డుల కుక్కలకు తక్కువ లేదు,
గని ఇది మన కుక్క కాదని
తుమ్ము చెప్పింది.
మార్కెట్ల పుట్టిన కుక్క మిర్చి ఘాటుకు తుమ్మది.
ఇది తుమ్మి, తలకాయ ఇదిలిచ్చుకొని
మళ్ల గేటు దిక్కే చూసేది.

హమాలి కొంరెల్లి ఊర్ల పేర్లు సదివిండు,
బస్సు కండక్టర్ లెక్క:
గీసుగొండ, దుగ్గొండి, నల్లబెల్లి, గూడూరు, కేసముద్రం...
దేనికన్న చెవి లేపుతదేమోనని.
లేపలె.
ఊరికొక పేరుంటదని దానికెవరు చెప్పిన్రు?
దానికెరుకైంది ఒక గడప,
ఒక కుడితి గోలెం,
పొద్దుగూకినంక ముద్ద ఏసే ఒక చెయ్యి.

నేను చాటకూలిని.
ముప్పై ఏండ్ల సంది ఒలికిన కాయలు ఎత్తుతున్న.
మనుషుల మొకాలు యాదుండయి నాకు,
బస్తాలు యాదుంటయి.
అది పన్న ఖాళీ బస్తా గుంజవోతె
గుర్రుమన్నది, ఇయ్యలె.
పక్కన కూసున్న. నా సద్దిల సగం పెట్టిన.
అప్పుడు జరిగింది, బెత్తెడు.
బస్తా మూతికి ఆకుపచ్చ కుట్టు.
సుతిలి కాదు,
పాత చీరె అంచు చింపి పేనిన తాడు,
రెండు కుట్లకొక ముడి.
సుతిలి పైసలు గూడ మిగులవెట్టిన ఆడిమనిషి ఎవరో.

అడ్తి గుమాస్తా నయీం నవ్విండు,
"కుట్టు చూసి ఊరెట్ల చెప్పాలె అక్కా?"
అయినా మంగళారం తక్‌పట్టీలు తిరగేసిండు.
కుట్టు యాదికి లేదు గని
రేటు ఇని కాంటా కాడ్నే కూలబడ్డ రైతు యాదికున్నడు.
రేబల్లె మొగిలి. పదకొండు బస్తాలు.

యాకయ్య ట్రాలీ అటే ఖాళీగ పోతాంది.
ఎత్తి ఎక్కియ్యవోతె కరవొచ్చింది.
బస్తా ముందల ఏస్తె, దానెంబడే దుంకింది.
గీసుగొండ దాటెదాక పండుకొనే ఉన్నది,
కాల్వ కట్ట కాడ లేసింది.
ముక్కు గాలికి పెట్టి, ఒళ్లంత ఒకటే వణుకు.
యాకయ్య ఎడమకు తిప్పవోయిండు,
అది కుడిదిక్కు మొరిగింది.
"నీకన్న దానికే ఎరుక, తిప్పు," అన్న.

మొగిలి పత్తికట్టె పీకుతున్నడు.
కుక్క మీద వడంగనే ఆ చెలకలనే కూసున్నడు.
"రేటు ఇన్నంక నా కాళ్లే నాకు యాది లేవక్కా,
దీన్నేం యాదుంచుకుంట?
బిడ్డ మూడొద్దులాయె సక్కగ తినక.
వత్తమంటె కిరాయికి..."
ఆగిండు.
నేను అడగలె.

చెంబుల నీళ్లు పట్టుకొని ఆమె వచ్చింది.
కట్టుకున్న ఆకుపచ్చ చీరెకు
ఒకదిక్కు అంచు లేదు.

తెల్లారి మళ్ల చాట పట్టిన.
కాంటా కింద ఉత్త నేల,
నాలుగు తాలు కాయలు.
ఎవరో బస్తా కుమ్మరిచ్చిన్రు, ఎర్రగ దుమ్ము లేసింది.
ఇన్నేండ్లల్ల ఎన్నడు లేంది
నాకు తుమ్మొచ్చింది.
కొంరెల్లి నా దిక్కు చూసి,
"ఏ ఊరు మనది?" అన్నడు.