అంటు

మొదటి మూడు నెలలూ కత్తి ఇవ్వలేదు.
నల్ల కవర్లు నింపమన్నాడు చిట్టబ్బులు మేస్త్రి.
ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసక ఒకటి, మాగిన పేడ ఒకటి,
అంచుకి బొటనవేలంత వెలితి.
నిండుగా కూరితే అడిగాడు:
"నీళ్లెక్కడ నిలబడతాయే, నీ నెత్తినా?"

కడియపులంకలో తెల్లారితే
గులాబీల వైపు బస్సులు ఆగుతాయి,
ఫొటోలు దిగేవాళ్లు దిగుతారు.
మేం వెనకాల, ఆకుపచ్చ వల నీడలో,
మామిడి టెంకల మొలకల మధ్య గొంతుక్కూర్చుని ఉంటాం.
మా మొహాలు ఏ ఫొటోలోనూ పడవు.
మోచేతులు పడ్డాయేమో.

నాలుగో నెల సానరాయి. ఆ తర్వాతే కత్తి.
ముంజేతి నూగు గొరిగి చూపించాలి.
మందార పుల్ల, కానుగ పుల్ల,
దొరికిన ప్రతిదీ చెక్కాను
రెండు వైపులా ఏటవాలుగా.
"ఒక్క గీతే. రెండోది గీశావంటే
ఇంటికెళ్లి కూర తరుక్కో."
బొటనవేలి మీద ఈ తెల్ల గీత అప్పటిదే.
రక్తం కారుతుంటే కవరు పట్టీయే చుట్టాడు,
మొక్కకి చుట్టినట్టే, కింద నుంచి పైకి,
గాలి దూరకుండా.

అంటు పని నేర్చుకుంటున్నానంటే
అమ్మమ్మ మార్తమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.
"ఏం పనే?"
ఆవిడ చిన్నప్పుడు ఆ మాట వేరు.
నుయ్యికి దూరంగా వంగి దోసిలి పడితే
పైనించి పోసేవారట,
ధార తెగాకే తలెత్తాలట.
"అంటుకి డబ్బులిస్తన్నారా ఇప్పుడు?"
పళ్లులేని నోటితో చాలాసేపు నవ్వింది.
నవ్వు ఆగాక నా చెయ్యి తీసుకుని
వాసన చూసింది.
మామిడి జీడి.

ఐదో నెల్లో నలభై మొక్కలు నా లెక్కలో రాశాడు.
నాటు మొలక తల కోసి, నిలువునా చీల్చి,
కొత్తపల్లి కొబ్బరి పుల్ల చెక్కి దింపాలి.
పచ్చపొరకి పచ్చపొర ఆనాలి,
రెండు వైపులా కుదరకపోతే ఒక వైపైనా.
పట్టీ బిగించి, పుల్లైసు గొట్టం టోపీలా తొడిగి
ఇరవై ఒక్క రోజులు చెయ్యి పెట్టకూడదు.
బతికినదానికే కూలి.

నేను పెట్టాను.
తొమ్మిదో రోజు, మేస్త్రి టీకి వెళ్లినప్పుడు
ఒకదాని కట్టు విప్పాను.
లోపల ఏదో తెల్లగా, మీగడంత పల్చగా,
అటుదీ ఇటుదీ కాకుండా అల్లుకుంటోంది.
మళ్లీ కట్టాను. బతకలేదు.
ఎవరికీ చెప్పలేదు.
ఇప్పుడు చెబుతున్నా.

ఇరవై రెండోనాటికి మూడు చిగురేశాయి.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
ముప్పై ఏడూ నా ముందు వరసగా పెట్టి
"విప్పు" అన్నాడు.
దీన్లో పుల్ల వంకర.
దీన్లో నీరు దిగింది.
ఇది ఏకంగా తలకిందులు, కన్ను నేలకి పెట్టాను.
ఒకదాన్లో మాత్రం ఏ తప్పూ కనపడలేదు.
"ఇదెందుకు పోయింది?"
వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూశాడు,
కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు.
"తెలీదే" అన్నాడు.
నలభై ఏళ్ల చెయ్యి ఆ మాట అనడం
ఆ రోజే విన్నాను.

నేను విప్పి చంపినదానికి
కట్టు కింద, నాటు కాండం మీంచి ఒక చిగురు.
"గిల్లి పారెయ్, లేదా పట్టుకుపో."

ఇప్పుడు రోజుకి మూడొందలు కడతాను.
నా ముళ్లు లారీలెక్కి పోతాయి,
నాసిక్ అంటారు, నాగపూర్ అంటారు.
కాపుకొచ్చేనాటికి ముడి మానులో కలిసి
ఒక బుడిపె మిగులుతుంది.

ఆ నాటుది మా పేటలో, పంపు పక్కన.
కాయ పులుపు, పీచెక్కువ,
చింతపండు బదులు చేపల పులుసులో వేస్తాం.
నీళ్లకొచ్చినవాళ్లు ఎవరు పడితే వాళ్లు
కొమ్మ వంచి కోసుకుంటారు.
"చేతులకి జీడి అంటుకుంటాది, జాగర్త!"
అని మంచం మీంచి
మార్తమ్మ అరుస్తూనే ఉంటుంది.