పద్దెనిమిదో నంబరు బస్సు

అయిదు స్వరాలు, అంతే.
అరవై ఏళ్ళ కిందట
పాడింగ్టన్ వెనక సందులో, నేలమాళిగ స్టూడియోలో
మూతి మూసిన ట్రంపెట్ మీద మోగినవి.
అవి వినపడగానే
హాల్లో జనం కాలర్లు పైకి లాక్కునేవాళ్ళట,
ఇంటికెళ్ళాక కూడా
మంచం కింద వంగి చూసుకునేవాళ్ళట.

ఇప్పుడు దాన్ని కొత్తగా చెయ్యాలి.
"ఈ కాలానికి తగ్గట్టు," అన్నాడు నిర్మాత రూపర్ట్,
సాక్సు లేని బూట్లు ఊపుతూ.
ఈ కాలపు గూఢచారి నవ్వడు.
అతనికి మోకాలి నొప్పి, విడాకులు, చచ్చిపోయిన స్నేహితుడు.
తుపాకీ తీసే ముందు నిట్టూరుస్తాడు.
అందుకని బాణీ సగం వేగంతో నడవాలి,
కింద చెల్లోలు మబ్బుల్లా ముసరాలి,
డ్రమ్ములు ఎక్కడో గోదాములో
ఇనప తలుపులు వేసినట్టుండాలి.
సరే. డబ్బిచ్చేవాడు చెప్పాడు, చేశాం.

నా పని పాత టేపు శుభ్రం చెయ్యడం.
బుస, చిటపట, కుర్చీ కిర్రుమనడం, ఎవరిదో దగ్గు,
బియ్యంలో రాళ్ళలా ఏరి పారేశాను.
నాలుగో స్వరం మాత్రం వంకర.
చోటికి రాకముందే జారి,
చోటు దాటిపోయి,
సిగ్గుపడి వెనక్కొచ్చినట్టు.
కంప్యూటర్ ఎర్రగీత పెట్టింది.
ఒక్క నొక్కు నొక్కాను, తిన్నగా అయింది.
తిన్నగా అయి, చచ్చింది.

మా పెదనాన్న తెనాలి బ్యాండుమేళంలో క్లారినెట్.
ఎర్ర కోటు, భుజాన వెలిసిన జరీ.
శ్రుతి తప్పడం వేరు, శ్రుతిని ఏడిపించడం వేరు
అనేవాడు, రీడు నాలిక మీద తడుపుకుంటూ.
ఆ మాట ఇక్కడ ఎవరికి చెప్పను?
ఎనభై మంది కూర్చుని వాయించారు.
కొత్తది గంభీరంగానే ఉంది,
కొత్త ఫ్రిజ్‌లా. తెరిస్తే లైటు వెలుగుతుంది,
లోపల ఏమీ లేదు.

టేపు డబ్బా అడుగున పెన్సిలుతో ఒక పేరు.
వెతికాను. హార్ల్స్‌డెన్‌లో బేకరీ పైన, రెండో అంతస్తు.
లాసెల్స్ వైట్, ఎనభై తొమ్మిదేళ్ళు.
కింగ్‌స్టన్ నుంచి ఓడ దిగినప్పుడు ఇరవై.
పళ్ళు పోయాయి, ట్రంపెట్ ఊదే పెదవీ పోయింది.
అల్లం టీ ఇచ్చాడు. ఫోన్లో పాతది వినిపించాను.
"ఆ నాలుగో స్వరం అలా ఎందుకు వంచారు?"
వెంటాడే నీడా, గోడకు అటువైపు మనిషా,
రాసుకోవడానికి పెన్ను తెరిచే ఉంచాను.

నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
ఆ దగ్గు నాకు తెలుసు.
పోయిన మంగళవారం నేనే తీసేశాను.

"రాత్రి పదకొండున్నర. పదిహేడో టేకు.
వాయిస్తూ గోడ గడియారం చూశాను.
ఆఖరి పద్దెనిమిదో నంబరు బస్సు వెళ్ళిపోతోంది.
పోతే హారో రోడ్డు పొడుగునా నడకే.
ఆ రోజుల్లో, ఈ రంగుతో, ఆ రోడ్డు మీద..."
ఆగాడు. టీ ఊదుకున్నాడు.
"తొమ్మిది పౌన్లు ఇచ్చారు. బస్సు దొరికింది."

అరవై ఏళ్ళుగా జనం
మంచాల కింద వెతికింది
ఒక మనిషి ఇంటికి నడవలేని రోడ్డునా?

ఆ రాత్రి అందరూ వెళ్ళాక
వంకర తిరిగి పెట్టాను. దగ్గు కూడా.
పేలుడు కింద, రెండో నిమిషం పద్నాలుగో సెకనులో.
"ఇక్కడేదో బావుంది, ఏం చేశావు?" అన్నాడు రూపర్ట్.
"కొంచెం బాస్ పెంచాను," అన్నాను.

కిల్‌బర్న్‌లో రెండో ఆట. పక్క సీట్లో ఆయన,
టోపీ ఒళ్ళో పెట్టుకుని, సగం నిద్రలో.
ఆ సెకనుకి మాత్రం
కుడిచేతి మూడు వేళ్ళు
టోపీ అంచు మీద కదిలాయి.

చివర పేర్లు మొదలయ్యాయి.
పట్టుబట్టి ఆయన పేరు పెట్టించాను,
నాలుగు వందల మంది తర్వాత,
వంటవాళ్ళకీ కార్లు తోలినవాళ్ళకీ కింద.
"ఉండండి, వస్తుంది," అన్నాను.
అప్పటికే లేచి కోటు తొడుక్కుంటున్నాడు.
"బస్సు," అన్నాడు.