పెడచెవి

డాక్టర్ థెమెలిస్ కుడిచెవి
కాస్త చదునుగా ఉండేది.
పుట్టుకతో కాదు.

నా పేరు సెవస్తీ. పందొమ్మిదేళ్లు ఆయన దగ్గర
ఈసీజీ కాగితాలు చింపి బల్లమీద పరిచినదాన్ని.
చదువు అంతంతమాత్రమే,
కానీ ఆ గీతల కొండలూ లోయలూ
మా కాలిమ్నోస్ తీరం కన్నా బాగా తెలుసు.

సైనికుల ఏలుబడిలో ఆయన్ని లేరోస్ దీవికి పంపారు.
స్టెతస్కోపు లాక్కుని చిట్టాలో రాసుకున్నారట:
రబ్బరు గొట్టం, ఒకటి.
బరాకులో నూట నలభై మంది. చలి.
ఆయన ఒక్కొక్కరి చొక్కా గుండీలు విప్పి
నేరుగా ఛాతీకి చెవి ఆనించేవాడు.
ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడి గుండె,
బడిపంతులు గుండె,
రాత్రంతా దగ్గే పొగాకు కూలీ గుండె.
చివరికి కాపలా సార్జెంటు కూడా
ఒక తెల్లవారుజామున తుపాకీ గోడకి చేరేసి
చొక్కా ఎత్తాడు.
"ఏం వినిపిస్తోంది?"
"భయం. నాకున్నంతే."

ఇది ఆయన చెప్పింది కాదు. ఆ పొగాకు కూలీ
ఏటా తేనెసీసా పట్టుకుని వచ్చి చెప్పేవాడు,
ప్రతిసారీ సార్జెంటు ఇంకాస్త పొడుగయ్యేవాడు.

డాక్టరు తండ్రి స్పాంజి కోసం సముద్రం అడుగుకి దిగేవాడు.
ఒకరోజు తొందరపడి పైకి వచ్చాడు,
నడుం కింది సగం మాత్రం రాలేదు.
కుర్చీలోంచి కొడుక్కి చెప్పాడు:
లోతు చంపదురా, తొందర చంపుతుంది.

ఆ మాట మరిచిన ఏడాదే
డాక్టరు ఎన్నికల్లో నిలబడ్డాడు.

మొదటి ఉపన్యాసం ఈసీజీ కాగితం వెనక రాసుకున్నాడు.
చేపలరేవులో, ఐసుపెట్టె మీద ఎక్కి:
"గాలి తగ్గేదాకా పడవ ఆగుతుంది.
గుండె ఆగదు.
ఆగితే, ఇక ఆగినట్టే."
జనం ఈలలు వేశారు. గెలిపించారు.
ఏథెన్స్ వెళ్లాడు, మెడలో టై కట్టుకుని.

రెండో ఏడు ఆస్పత్రి వెనక
సిమెంటుతో పెద్ద గుండ్రం పోశారు,
నడుమ తెల్లరంగు అక్షరం.
హెలికాప్టర్ రాలేదు.
మా పిల్లలంతా అక్కడే సైకిల్ నేర్చుకున్నారు.

తర్వాత ఖజానా లెక్కలు కుదరని శీతకాలం,
దీవుల్లో రాత్రి డాక్టర్లని తగ్గించే బిల్లు.
ఫోన్ చేశాను.
"విన్నాను సెవస్తీ," అన్నాడు.
విన్నాడు, కాదనను. వినడమే ఆయన వృత్తి.
విని, పెడచెవిన పెట్టాడు.
పార్టీ చెయ్యెత్తమంది, ఎత్తాడు.
టీవీలో చూశాను.
ఎన్ని నాడులు పట్టిన చెయ్యి అది.

ఫిబ్రవరిలో, రేవులో తాళ్లు తెగే గాలి.
పొథిటోస్‌ని వల మీదే పడుకోబెట్టి మోసుకొచ్చారు.
నేనే తాళం తీశాను, నేనే తీగలు తగిలించాను.
గీత చూడగానే అర్థమైంది.
చెప్పడానికే ఎవరూ లేరు.
తెల్లారేదాకా ఓర్చుకున్నాడు పాపం.
తెల్లారాక ఓర్చుకోలేదు.

గుండెలు తీసిన బంటు, అన్నారు కాఫీకొట్టులో.
నేను కాదనలేదు.
డాక్టరు రాజీనామా చేస్తాడనుకున్నా. చెయ్యలేదు.
గడువు దాకా కూర్చున్నాడు, మళ్లీ నిలబడ్డాడు,
చిత్తుగా ఓడాడు,
సాయంత్రం పడవలో ఒక్కడే దిగాడు.

ఇంటికి పోలేదు. నన్ను వెంట రమ్మని
కలొటీనా ఇంటి మెట్లెక్కాడు.
పొథిటోస్ పోయాక ఆవిడ తీసిన నల్లబట్ట మళ్లీ మడతపెట్టలేదు.
చిన్న పళ్లెంలో నారింజ తొక్కల పాకం, గ్లాసుడు నీళ్లు
తెచ్చి ముందు పెట్టింది.
వచ్చినవాడు ఎవడైనా సరే, మా దగ్గర అది తప్పదు.
ఆయన తిన్నాడు. చెంచా పళ్లెంలో మోగింది.
క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టబోతే
ఆవిడ శాలువా పక్కకి జరిపింది.
"ఇది రాత్రుళ్లు ఎగిరెగిరి పడుతోంది.
ఏమిటో చూడు."

కోటు జేబులు తడుముకున్నాడు.
ఒక పెన్ను దొరికింది.
అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని
ఆ చదునుచెవి ఆవిడ ఛాతీకి ఆనించాడు.

చాలాసేపు.
కింద వీధిలో ఎవరో మోటార్‌సైకిల్ ఆపితే
నేనే కిటికీలోంచి వాణ్ణి కసిరాను.

లేచేసరికి చెవి ఎర్రగా కందింది.
ఏం వినిపించిందో ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు.
"రేపు ఏడింటికి రామ్మా," అన్నాడు,
"తాళంచెవి సెవస్తీ దగ్గరే ఉంది."