ఆగు అని రాసిన అట్ట

నాకు ఇచ్చిన పని నాలుగు అట్టముక్కలు.
అయిదు. రెండు. ఒకటి. ఆగు.
బిస్కెట్ల పెట్టె చించి నేనే కోసుకున్నాను,
‘ఆగు’ వెనకాల ఇంకా సగం గోధుమకంకి ఉంది.
మొదటి సంవత్సరం వాళ్లకు వాదన ఇవ్వరు,
గడియారం ఇస్తారు.

మసేరులో జూలై.
మా లా కాలేజీ హాలుకు హీటర్ ఒక్కటే,
అది జడ్జీల కాళ్ల దగ్గర.
లిమకట్సో దుప్పటి కప్పుకునే రాసింది మెమోరియల్,
రాత్రి రెండింటిదాకా, కిరసనాయిలు స్టవ్ వాసనలో.

కేసు కల్పితం:
ఒక డ్యామ్, మునిగిపోయిన ఒక మేతబీడు,
పరిహారం జాబితాలో పేరు లేని ఒక గొర్రెలకాపరి.
చీటీ తీస్తే ఆమెకు ప్రభుత్వం పక్షం వచ్చింది.
ఆమె మేనమామ మంద కాసిందీ అలాంటి కొండమీదే.
ఆ సంగతి నాకొక్కడికే చెప్పింది,
నేను లెక్కలోకి రాను గనక.

మే మాతుమెలో ఎర్రకలం తీసింది.
‘నిస్సందేహంగా’ కొట్టేసింది. ‘సుస్పష్టంగా’ కొట్టేసింది.
“స్పష్టమైనదైతే ఆ మాటెందుకు?
కాకపోతే ఆ మాటేం కాపాడుతుంది?”
పదకొండు పేజీలు ఏడయ్యాయి.
ఫుట్‌నోటు నలభై రెండులో పేజీ నంబరు తప్పు,
దానికోసం లైబ్రరీ తాళం మళ్లీ తీయించాం.
విశేషణాలు ఊడిపోయాక వాక్యాలు
అప్పుడే ఉన్ని తీసిన గొర్రెల్లా
సన్నగా, సిగ్గుగా నిలబడ్డాయి.

రిహార్సల్లో మొఖెథి జడ్జి.
నూనె కారే మకోయెన్యా నములుతూ అడిగేవాడు:
“కౌన్సెల్, అవునా కాదా?”
ఆమె పంతొమ్మిది వందల నుంచి మొదలుపెట్టేది.
“అవునో కాదో ముందు. కథ తర్వాత.
నీళ్లు నమలకు.”
నీళ్ల కేసులో ఆ మాటకి
ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

ఫైనల్.
మధ్య కుర్చీలో రిటైరైన జడ్జి,
ఆయన చెవిమిషను మాటిమాటికీ ఈల వేస్తోంది.
అయిదు ఎత్తాను.
రెండు ఎత్తాను. ఆమె చూసింది, చూడనట్టు.
“కౌన్సెల్, ఆ కాపరి చలికాలం మందని ఎటు తోలేవాడు?”

ఆమెకు తెలుసని నాకు తెలుసు.
ఆ కాలిబాట, ఆ రాతి దొడ్డి,
ఏ మలుపులో మంచు ముందు కరుగుతుందో,
అంతా నాలుక కిందే ఉంది.
గ్లాసు ముట్టుకుంది. తాగలేదు.
“అది రికార్డులో లేదు, మై లార్డ్.”
“లేకపోవడం మీ పక్షానికి లాభమేనా?”
“అవును, మై లార్డ్.”

అవును ముందు.
ఒకటి ఎప్పుడో ఎత్తి దించాను.
ఇప్పుడు నా వేళ్ల మధ్య ‘ఆగు’.
గడియారంలో సున్నాలు.
హీటర్ టిక్కుమంది.
ఆమె మెల్లగా కాగితాలు తిప్పుతోంది.
“అయితే పద్నాలుగో పేజీ, ఆరో లైను, మై లార్డ్.
జాబితా చివర ‘తదితరులు’ అని ఉంది.
అతను ఆ మాటలో ఉండి ఉండొచ్చు.
కాదని నేను అనలేను.”

చెవిమిషను కూడా ఈల ఆపింది.
అప్పుడు ఎత్తాను.

గడువు మీరింది పందొమ్మిది సెకన్లు.
కోత రెండు మార్కులు.
ఓడిపోయింది ఒకటిన్నర తేడాతో.
ఆ కూడికా తీసివేతా
వరండాలో గోడకానుకుని మూడుసార్లు చేశాను.

లిమకట్సో వచ్చి పక్కన నిలబడింది.
“ఎత్తడం మర్చిపోయావా?”
చలి అన్నాను, వేళ్లు అన్నాను,
ఆ గడియారం అసలు...
“అవునా? కాదా?”

“కాదు.”

దుప్పటి పిన్ను సరిచేసుకుని
అక్కడే నిలబడింది,
తర్వాతది వినడానికి.