గడ్డకట్టిన మాట

మత్సుయెలో వాన. సరస్సు మీంచి
ఆల్చిప్పలు ఏరే పడవలు వచ్చేశాయి.
చిజురు తన భాషకు వ్యాకరణం రాస్తోంది.
నాలుగో కాఫీ, అదే ప్రశ్న:
కోట్స్ మధ్య పెట్టిన మాటను
తర్వాత ఎవరైనా మార్చొచ్చా?

నిన్న రాత్రి ఏదో ఒక ఫంక్షన్
"ఒసాకా" చివర ఒక ఖాళీ అతికించింది.
నలభై చోట్ల ఒసాకా ఒసాకా కాకుండా పోయింది.
నలభై చేతుల్లోనూ ఉన్నది ఒకటే దారం మరి.

కింద దుకాణంలో తాత పేర్ల ముద్రలు చెక్కుతాడు.
గీత తప్పితే దిద్దడు,
ఆ రాయి పక్కన పెట్టి ఇంకోటి తీస్తాడు.
"పాతది పారేస్తావా?" అని చిన్నప్పుడు అడిగింది.
"ఎవరూ అడక్కపోతే, సాయంత్రం ఊడ్చేటప్పుడు."

తెల్లారుజామున ఒక్క వాక్యం టైపు చేసింది:
లిటరల్ గడ్డకట్టే పుడుతుంది.
మార్పు కావాలంటే కొత్తది చేసుకో.

ఇక చిన్న చిక్కు.
కోట్స్ లోపల కోట్ రాయాలంటే?
ముందొక వాలుగీత.
మరి వాలుగీతే రాయాలంటే?
రెండు.
తనకే నవ్వొచ్చింది.

కింద దీపం వెలిగింది.
తాత పేరును తిరగేసి చెక్కుతున్నాడు,
కాగితం మీద
సరిగ్గా పడాలని.