చుక్క

కోటబొమ్మాళి దాటాక, హైవేకి ఎడంపక్క,
తవిటయ్య షెడ్డులో లేబొరేటరీ అంటే
ఒక బొగ్గుల కుంపటి, చెవి విరిగిన అట్లపెనం,
పాత శుభలేఖల కట్ట.
నున్నటి కార్డు పనికిరాదు, చుక్క జారిపోద్ది.
గరుకు కాగితమైతేనే తాగుతుంది.

"నల్లబడిందేటని అడక్కు" అనేవాడు.
"పని సేసినోడి ఒళ్లు నల్లబడదేటి?"

డిప్‌స్టిక్ కొస నుంచి ఒక్క బొట్టు
వధూవరుల పేర్లకి వెనకపక్క వదిలి,
కింద లారీ నంబరు రాసి, తీగకి తగిలించి
టీకి పోయేవాడు. వెనకాల నేను, పానాల సంచితో.

తిరిగొచ్చేసరికి విచ్చుకునేది చుక్క.
మసి అంచుదాకా నడిచొస్తే
ఇంకో రెండువేల కిలోమీటర్లు.
నడిమినే ముద్దగా కూలబడితే
"అలిసిపోనాది. దించీ."

ఆపైన రెండేళ్ల మధ్య రాసి కళ్లు మూసుకునేవాడు.
ఎక్కడో లోపల అరుగుతున్న బేరింగు
ఆ వేళ్లకి ఇసకరేణువై తగిలేది.

ఓ వేసవి, టెక్కలి క్వారీ టిప్పరు.
అమ్మేవాడు బమ్మిడి అప్పలస్వామి,
కొనేవాడు జీడితోట కుదవపెట్టొచ్చిన సోంపేట కుర్రాడు.
టీగ్లాసు కింద మడతపెట్టిన ఐదొందలు:
"బాగుందని ఒక్క ముక్క సెప్పు, తవిటయ్యా."

తవిటయ్య పెనం కాల్చాడు.
చుక్క వేశాడు.
చిటచిట, చిటచిట.
ఇంజిన్ల సంగతి తెలీని కుర్రాడు
వంటిల్లు తెలిసినవాడు గనక అడిగాడు:
"తిరగమోతలో నీళ్లు పడ్డట్టు ఉందేటి?"

గ్లాసు కింది నోటు అప్పలస్వామి జేబులోకి వెళ్లిపోయింది.
"నాను ఏటీ అన్నేదు బావూ" అన్నాడు తవిటయ్య,
"నూనే అన్నాది."

నిరుడు రేషన్ మిషను మీద
అదే బొటనవేలు మూడుసార్లు పెట్టాడు.
సరిపోలలేదంది.
గుడ్డతో తుడిచి పెట్టాడు, ఎడమది పెట్టాడు.
వెనక క్యూలో ఎవరో నవ్వారు.

ఆ సాయంత్రం ఏం తోచిందో,
ఆ వేలిని పాత నూనెలో ముంచి
ఎవరి పెళ్లిదో ఒక శుభలేఖ వెనక అద్ది
లారీల మధ్య తగిలించాడు. నంబరు రాయలేదు.

పొద్దున్నే షెడ్డు తీసి చూశాను.
గీతలు ఒక్కటీ లేవు.
మసి మాత్రం అంచుదాకా నడిచొచ్చింది.
ఇంకా ఎన్ని కిలోమీటర్లని
నేనడగలేదు. కుంపటి రాజేశాను.