సాదాబైనామా

హన్మకొండ కోర్టు గేటు పక్కన నా బల్ల.
పదెనిమిదేండ్ల సంది రాస్తున్న
అమ్మకాలు, పంపకాలు, గెట్టు తగాదాలు.
ఇసొంటి కేసు మాత్రం ఎన్నడు రాలే.

మండిబజారు నుంచి యాకూబ్ పాషా వచ్చిండు
బియ్యం సంచిల ఒక పసుప్పచ్చ క్యాసెట్ ఏసుకోని.
తొంభై ఎనిమిదిల ఆయనకు రెండు టీవీలు, నాలుగు రిమోట్లు,
అరగంటకు మూడు రూపాయలు.
సగం వరంగల్లు బడి ఎగ్గొట్టింది ఆ దుకాణంల్నే.
నేను సుత.

"మొగిలీ, ఇది ఊదితే లేస్తుండె. ఇప్పుడు ఊదినా లేస్తలేదు.
మిషన్ చేసుడు ఎప్పుడో బందువెట్టిండ్రు.
ఆట చేసిన కంపెనీ ఉందో మునిగిందో ఎవలకు తెల్వదు.
పైసలిస్తనన్నా అమ్మేటోడు లేడు.
నెట్‌ల ఊకెనే దొరుకుతదంటుండు మా అల్లుడు.
దించుకుంటె తప్పా?"

వకీలు నరహరి సారు
మిర్చిబజ్జి నూనె పేపరుకద్దుకుంట నవ్విండు.
"నకలు నకలే. కంపెనీ సచ్చినా హక్కు సావదు,
ఎవడో కొనుక్కోని పెట్టెల ఏసి మరిసిపోయుంటడు.
చట్టం అరువై ఏండ్లంటది. సగం సుత గాలే.
ఆగు."

యాకూబుకు యాభై ఎనిమిది.

"కేసెవడేస్తడు సారు?"
"ఎవడెయ్యడు.
ఎవడెయ్యకుంటె తప్పు ఒప్పయితదా?"
అనుకుంట చెయ్యి కడుక్కోను పోయిండు.

నాకిది కొత్త ముచ్చట గాదు.
పహాణీల పట్టాదారు పేరుంటది, మనిషుండడు.
చెల్కల మనిషుంటడు, కాయితముండదు.
పర్కాల దిక్కు తెల్లకాయితం మీద చేతులు మారిన భూములెన్నో,
మూడు తరాలు పత్తి తీసినంక
ఆఫీసుల అడుగుతరు, నీదెట్లయిందని.

నిజం చెప్పాల్నంటే ఆ క్యాసెట్ సుత దొంగదే.
మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసుంటది,
లోపట ఏడు.
సికింద్రాబాదుల ఫుట్‌పాత్ మీద కొన్నది, రసీదు లేదు.
అప్పుడు మమ్ముల ఎవలడుగలే, మేము ఎవల్నడుగలే.
ఇప్పుడు కొనే తాకతొచ్చి, అడిగి తీసుకోవాల్నని బుద్ధి పుట్టి
తలుపు కొడుతుంటే
లోపట ఎవ్వలు లేరు.

ఏం జెయ్యాలె. తెల్లకాయితం తీసిన.
ఇందుమూలముగా అని మొదలువెడితే
చెయ్యి దానంతటదే ఉరుకుతది.

చతుస్సరిహద్దులు:
తూర్పున, పడవ బయలెల్లే నది.
దక్షిణాన, మూడు ప్రాణాలు; అవి పోతె వేరే పిలగాని వంతు.
పడమర, కరెంటు పోవుడు.
ఉత్తరాన కోట.
ఆ కోటలకు ఎవలం పోలే,
కాజీపేట డీజిల్‌షెడ్డు క్వార్టర్ల పిల్ల ఒక్కతి తప్ప.

"దాని పేరేంది?" అన్న, పెన్ను ఆపి.
యాకూబు క్యాసెట్ సీల గోరుతోని గీకుకుంట
"మిషన్ల మూడక్షరాలే పడుతుండె. ఎస్, వీ, టీ.
సువర్తనో, సవితనో. తొమ్మిదో తరగతి.
రెండేండ్లు అదే మొదటి నంబరు, ఎవ్వడు తియ్యలేకపాయె.
మొగిలీ, దించుకున్నదాంట్ల ఆ మూడక్షరాలు ఉంటయా?"

ఉండయి.
అన్ని సున్నలతోని వస్తది
కొత్త పాసుబుక్కు లెక్క.

ఆయన సప్పుడు చెయ్యలే. చాయ్ చల్లగైంది.

అమ్మినవారి జాగ ఖాళీ విడిచిపెట్టిన.
కొన్నవారి దగ్గర సంతకం చెయ్యమంటే
బొటనవేలే పెడతనన్నడు.
సిరా అంటింది గని గీతలు పడలే.
రోజు పొద్దుగాల దుకాణం తెరిచి
రిమోటు రిమోటు నొక్కి చూసి చూసి నున్నగైన వేలు,
రేషన్ మిషన్ సుత గుర్తుపడ్తలేదంట.

ఇగ సాక్షి కావాలె.
నరహరి సారు చేతులు తుడుచుకుంట వచ్చిండు,
కాయితం గుంజుకోని నిలవడే సదివిండు,
చెల్లదని అనలే.
నా పెన్ను తీసుకోని ఉత్తరం హద్దు కొట్టేసిండు.
"కోట గాదురా. కోట ముంగట వంతెన.
అది మూడోపారి కూలకముందే ఉరకాలె.
నేను ఆడిదాంక పోయిన."